ఆదివారం ఎవరిది? మన పల్లెల క్రైస్తవ యవ్వనస్తులూ వారి విశ్వాసమూ

(మార్టూరులో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)

పదో తరగతి, ఇంటర్మీడియట్ చదువుతున్న పిల్లలు ఇంతమంది వచ్చి ముందు వరుసల్లో చాపల మీద కూర్చుంటారని నేననుకోలేదు. ఈ ఉపన్యాసం వారి గురించే. అందుకని పెద్దల అనుమతితో వారి వైపు తిరిగే మాట్లాడతాను.

ఎవరి జ్ఞాపకార్థం మనం కూడుకున్నామో ఆ పంతులమ్మగారి పేరు అచ్చులో వేయవద్దని కుటుంబం కోరింది. కానుకల పట్టీలో కూడా పేరు రాయించుకోని మనిషి ఆమె. కాబట్టి ఆ కోరిక ఆమెకు తగినదే. రెండు తరాల పిల్లలకు ఆమె సండే స్కూలు చెప్పారు. కంఠత వాక్యం ఒప్పజెప్పగానే పిల్లల్ని కూర్చోబెట్టేసేవారు కాదు. ఇందులో నీకు అర్థం కానిదేమిటని ఒక్కొక్కరినీ అడిగేవారు. అర్థం కానిదేదీ లేదన్న పిల్లవాణ్ణి మళ్ళీ చదివి రమ్మని పంపేవారు. మిరప కోతల రోజుల్లో పిల్లలు తక్కువగా వస్తే, తరగతిని సాయంత్రానికి మార్చి కళ్ళం దగ్గరికే వెళ్ళిన సందర్భాలు నాకు తెలుసు. ఎండబోసిన కాయల ఘాటుకు తుమ్ముతూ, మండుతున్న వేళ్ళతో పుస్తకం పట్టుకుని పిల్లలు చదివేవారు. ఆదివారాన్ని పిల్లల చేతుల్లోంచి జారిపోనీయకూడదన్న ఆమె పట్టుదల నుంచే నా విషయాన్ని తీసుకున్నాను.

యవ్వనంలో విశ్వాసాన్ని జీవితానికి నడిమధ్య నిలుపుకోవడం గురించి మన కూడికల్లో ఎన్నో ప్రసంగాలు విన్నాం. వాటిలో ఎక్కువ భాగం మనసు గురించి, చూపు గురించి, స్నేహాల గురించి సాగుతాయి. అవన్నీ అవసరమే. అయితే మన ప్రాంతపు క్రైస్తవ చరిత్రను దగ్గరగా చూసినప్పుడు నాకు మరో సంగతి కనిపించింది. మన ముత్తాతలకు విశ్వాసం మొదట మనసులోని ఉద్రేకంగా రాలేదు, ఒక దినం మీద హక్కుగా వచ్చింది. వారంలో ఒక రోజు తమ శరీరం మీద, తమ కాలం మీద ఊరి పెత్తనం చెల్లదని చెప్పగలగడమే వారి మొదటి సాక్ష్యం. ఇవాళ మీ ముందున్న మొదటి ప్రశ్న కూడా అదేనని నా నమ్మకం. మీ ఆదివారం ఎవరిది?

1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు మోకరించి ప్రార్థించిన కథ మన పిల్లలందరికీ తెలుసు. నెల్లూరులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు, వారితో క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఆ ఐదుగురిలో ముగ్గురు మన తెలుగువారన్న సంగతి మాత్రం మనం తక్కువగా చెప్పుకుంటాం. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల పని అప్పటికి ఎంత బలహీనంగా ఉండేదంటే, దాన్ని మూసేయాలన్న ఆలోచన అమెరికాలోని వారి సంఘంలో పదే పదే వచ్చింది. పన్నెండేళ్ళ తర్వాత, 1866లో, అదే మిషనుకు చెందిన జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలు వచ్చి స్థిరపడ్డాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఆ నెలలోనే క్లౌ తాళ్ళకొండపాడు అనే పల్లెకు వెళ్ళాడు. వెళ్ళమని పట్టుబట్టింది యర్రగుంట్ల పేరయ్య. తోలు పని చేసే మాదిగ ఇంటివాడు, రాజయోగ సాధనలో ఏళ్ళ తరబడి నలిగిన మనిషి, 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం పొందినవాడు. సువార్త మన పల్లెలకు దొర బండెక్కి వచ్చిందనే మాట సగమే నిజం. పేరయ్య కాళ్ళ మీద అంతకన్నా ఎక్కువ దూరం నడిచింది.

కొత్తగా విశ్వసించినవారికి క్లౌ పెట్టిన కట్టడలు మూడే మూడు: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. ఆయన మరణానంతరం 1914లో అచ్చయిన ఆత్మకథలో ఈ కట్టడల ప్రస్తావన ఉంది. చదివేవారికి ఇవి మామూలు మతాచారాల్లా కనిపించవచ్చు. ఆనాటి ఊరి కట్టుబాట్లలో పెట్టి చూస్తే వాటి బరువు తెలుస్తుంది.

మాదిగ కుటుంబం రైతుకు బావి నీళ్ళు తోడే కపిల బొక్కెన కుట్టాలి, మోకులు పేనాలి, చెప్పులు కుట్టాలి, చచ్చిన గొడ్డును ఈడ్చాలి, జాతరకు డప్పు కొట్టాలి. పిలిచిన రోజున వెళ్ళాలి, పిలిచిన గడియకు వెళ్ళాలి. అందుకు ప్రతిఫలం కళ్ళంలో కొలిచే మేర గింజలు. ఈ ఏర్పాటులో వారం అనేదే లేదు. పిలుపు ఉంది, పంట ఉంది, వాటి మధ్య మనిషికి సొంతమైన గడియ ఒక్కటీ లేదు. అలాంటి మనిషి ఒకనాటి ఉదయం, ఇవాళ ఆదివారం, రేపు తెల్లవారుజామునే వచ్చి కుడతానని రైతుతో అన్నాడు. తోటకు నీళ్ళు అందని రైతుకు అది తిరుగుబాటుగానే వినిపించింది. మేర ఆపేశారు, నీటి రేవులు మూశారు, కరణాలూ మునసబులూ తప్పుడు కేసులు బనాయించారు. ప్రార్థన చేసుకున్నందుకు వారిని ఎవరూ కొట్టలేదు. ఏడింట ఒక రోజు పిలుపుకు పలకనందుకు కొట్టారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ప్రపంచ చరిత్ర వైపు చూడాలి. రోమా చక్రవర్తి కాన్‌స్టాంటైన్ క్రీ.శ. 321లో ఆదివారాన్ని విశ్రాంతి దినంగా శాసించాడు. న్యాయాధికారులకు, పట్టణవాసులకు, చేతిపనివారికి సెలవు. పొలం పనివారు మాత్రం యథేచ్ఛగా పని చేసుకోవచ్చని అదే శాసనం మినహాయించింది. అంటే ఆదివారాన్ని ప్రసాదించిన రాజ్యం దాన్ని కూలివాడి దాకా రానివ్వలేదు. 1780లో ఇంగ్లండులోని గ్లౌస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ సండే స్కూలు మొదలుపెట్టాడు. ఆదివారమే ఎందుకంటే, గుండుసూదుల కార్ఖానాల్లో మగ్గే పిల్లలకు మిగతా ఆరు రోజులు లేవు. మనం రంగు కాగితాలతో అలంకరించే సండే స్కూలు మూలంలో ఉన్నది పనిపిల్లల చదువు. మన దేశంలో బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు దక్కింది 1890 జూన్ 10న. జోతిరావు ఫూలే అనుచరుడు నారాయణ్ మేఘాజీ లోఖండే దానికోసం ఏళ్ళ తరబడి పోరాడాడు. అది ఖండోబా దేవుడి వారం కూడా అని గుర్తుచేసి ఆయన ఆ సెలవు అడిగాడు. మరి ఒంగోలు చుట్టూ ఉన్న మాదిగపల్లెలు ఆదివారాన్ని తమదిగా చాటింది 1867 నుంచి. బొంబాయి కార్మికుడికన్నా ఇరవై ఏళ్ళకు పైగా ముందు, కార్మిక సంఘమంటూ లేని, చట్టం అండ లేని, అక్షరం రాని మనుషులు వారానికో రోజును నిలబెట్టుకున్నారు. మన చరిత్రకారులు దీన్ని మతమార్పిడి అధ్యాయంలో రాశారు. శ్రామికుల చరిత్రలో కూడా రాయాల్సిందని నా అభిప్రాయం.

ఆ తర్వాతి ఘట్టం అందరికీ తెలిసిందే. 1876–78 మహాక్షామంలో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళ పైచిలుకు తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆకలి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని ఏడాదికి పైగా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. క్షామ సహాయం ఆగాక కూడా వారు వస్తూనే ఉంటే ఇక ఆపలేకపోయాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీటిలో నిలబడి బాప్తిస్మమిచ్చింది ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున. క్లౌ నీటిలోకి దిగలేదు. ఆ సంవత్సరాంతానికి సంఖ్య 9,606కు చేరింది. మార్టూరు మీదుగా పోయే ఈ రహదారే దక్షిణంగా ఆ వెల్లంపల్లి పక్క నుంచి వెళ్తుంది.

సంఖ్యలు చెప్పుకుని గర్వపడటం మనకు అలవాటు. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం, నీ విశ్వాసం నీదేనా అని ఆ వేలమందిలో ఒక్కొక్కరినీ విడిగా నిలబెట్టి అడిగిన ప్రశ్న. పసిబిడ్డలకు బాప్తిస్మమివ్వని సంప్రదాయం మనది. తండ్రి విశ్వాసం కొడుక్కి చెల్లదు. గుంటూరు లూథరన్ సంఘాల్లో పసివాడికి ఇచ్చిన బాప్తిస్మాన్ని పెరిగాక ఆ బిడ్డే నోటితో ధ్రువపరుస్తాడు. మన దగ్గర ఆ బిడ్డ తానే వచ్చి అడగాలి, సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి. దారి ఏదైనా ప్రశ్న ఎదురయ్యేది పదమూడు, పద్నాలుగు, పదహారేళ్ళ వయసులోనే. ఓటు వేయడానికి, ఆస్తి రాయడానికి, పెళ్ళి చేసుకోవడానికి తగినవారు కారని లోకం చెప్పే వయసులో, దేవుని ఎదుట నీ మాట నువ్వే చెప్పుకోమని సంఘం అడుగుతుంది. పిల్లల మీద ఇంతకన్నా పెద్ద గౌరవం నేనెరగను. ఆ గౌరవానికి తగినట్టు మనం నడుచుకుంటున్నామా అన్నది పెద్దలు వేసుకోవాల్సిన ప్రశ్న.

ఇప్పుడు నేటి మార్టూరుకు వద్దాం. కపిల లేదు, మేర లేదు. గ్రానైటు పాలిషింగ్ యూనిట్లు వచ్చాయి, స్పిన్నింగు మిల్లులు వచ్చాయి. జనవరి నుంచి మార్చి దాకా మిరప కోతలు, పత్తి తీతలు ఉంటాయి. కాయ పండినప్పుడు ఆదివారమని ఆగదు. ఆ మార్చిలోనే పబ్లిక్ పరీక్షలు. తల్లి కోతకు వెళ్తూ నువ్వూ వస్తే ఇంకో కూలి వస్తుందని అన్నప్పుడు ఆ పిల్ల తప్పించుకోలేదు. ఆ డబ్బు తన ఫీజుకే పోతుందని ఆ పిల్లకు తెలుసు. ఊరు దాటి గుంటూరు, విజయవాడ హాస్టళ్ళలో ఇంటర్మీడియట్ చదివేవారిది మరో రకం కట్టడి. తెల్లవారుజామున స్టడీ అవర్, ఆదివారం ఉదయం పరీక్ష, సాయంత్రం తప్పుల చర్చ, నెలకోసారి తల్లిదండ్రుల రాక. పిలిచిన గడియకు వెళ్ళాల్సిన జీవితం మళ్ళీ వచ్చింది. ఈసారి పిలిచేది గంట.

ఇక ఫోను. హాస్టల్లో దొంగచాటుగా, ఇంట్లో బాహాటంగా, ప్రసంగాలూ పాటలూ అందులోనే వస్తున్నాయి. ఆరాధనకు వెళ్ళలేని పిల్లవాడికి అది ఆసరాగా ఉందని కాదనను. కాని తరతరాలుగా మన మనుషుల్ని నిలబెట్టింది పక్కన కూర్చున్న మనిషి. చాప మీద మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్న తోటి పిల్ల కన్నీళ్ళు చూడకుండా సహవాసం నేర్చుకోవడం కష్టం.

వారంలో ఒక దినం మీద ఈ హక్కుకు వాక్యంలోనే ఆధారం ఉంది. ధర్మశాస్త్రంలో విశ్రాంతి దినపు ఆజ్ఞ రెండు చోట్ల ఉంది. నిర్గమకాండంలో కారణం సృష్టి: దేవుడు ఆరు దినాలు చేసి ఏడవ దినాన విశ్రమించాడు. ద్వితీయోపదేశకాండం ఐదవ అధ్యాయంలో మోషే అదే ఆజ్ఞను మళ్ళీ చెబుతూ కారణాన్ని మార్చాడు. మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నారు, గుర్తుంచుకోండి, కాబట్టి మీ దాసదాసీలు కూడా మీలాగే విశ్రమించాలి అన్నది అక్కడి భావం. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, ఇంట ఉన్న పరదేశి, అందరూ ఆ పట్టీలో ఉన్నారు. మన ముత్తాతలకు అర్థమైన ఆజ్ఞ ఈ రెండవదే. ఆ పట్టీలో కూతురు ఉందన్న సంగతి మాత్రం మన ఇళ్ళలో మరుగున పడింది. ఆదివారం కూర వండటానికి, ఇంటిల్లిపాది బట్టలు ఉతకడానికి, తమ్ముణ్ణి తయారుచేసి గుడికి పంపడానికి ఆడపిల్ల ఉంది. ఆరాధన సగంలో వచ్చి గుమ్మం దగ్గర నిలబడే పదిహేనేళ్ళ అమ్మాయి భక్తి తక్కువదని మందలించే పెద్దలు, ఆ ఉదయం ఆ ఇంట్లో ఎవరెవరు ఎన్ని గంటలకు లేచారో కనుక్కోవాలి.

మరో బరువు గురించి చెప్పకపోతే ఈ ఉపన్యాసం అబద్ధమవుతుంది. పదో తరగతి దరఖాస్తులో కులం గడి ఉంది, మతం గడి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వచ్చిన షెడ్యూల్డు కులాలవారు బీసీ–సి, వారికి ఒక్క శాతం రిజర్వేషను. గుడి మారినా పల్లె మారలేదు, బావి దగ్గర చూపు మారలేదు. ఇక్కడికి దగ్గరలోనే కారంచేడులో తాగునీటి చెరువు దగ్గర మొదలైన గొడవలో 1985 జులై 17న ఆరుగురు మాదిగలను చంపినప్పుడు, వారి మతం గడిలో ఏముందని చంపినవారు అడగలేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ఈ ముడి విప్పమంది. ఇదే విషయాన్ని పరిశీలించడానికి 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించారు. 2023లో మన శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. ఈలోగా ఆ గడిని నింపాల్సింది మాత్రం పదిహేనేళ్ళ పిల్లవాడు. ఆదివారం గుడిలో ఒక పేరు, సోమవారం కాగితం మీద మరో పేరు. తాను దేవుణ్ణి కాదంటున్నానా అన్న గుబులు ఎంతోమంది పిల్లల్లో ఉంది. ఎవరితోనూ చెప్పుకోరు.

వారికి నేను దానియేలును గుర్తుచేస్తాను. చెరపట్టి తెచ్చిన బాలుడు. రాజు బడిలో మూడేళ్ళ చదువు, రాజు భాష, రాజు పెట్టిన పేరు. బెల్తెషాజరు అన్న ఆ పేరులో బబులోను దేవత ఉంది. గ్రంథం దానియేలును అందుకు ఎక్కడా నిందించలేదు. కంచంలో ఏం తినాలో, కిటికీ ఎటువైపు తెరవాలో అతను తానే నిర్ణయించుకున్నాడు. రాజ్యం రాసిన పేరు రాజ్యం పుస్తకంలో ఉంది, అతని మోకాళ్ళు దేవుని ఎదుట ఉన్నాయి. అన్యాయపు చట్టం పసివాడి తల మీద పెట్టిన బరువును సంఘం ఇంకా బరువు చేయకూడదు. ఆ చట్టం మారాలని పెద్దలు బహిరంగంగా అడగాలి, వేదికల మీదా అడగాలి, ఓట్లప్పుడూ అడగాలి. పిల్లవాణ్ణి మాత్రం వేషధారి అనకూడదు.

ఇలాంటి తీర్పులనే ఎదుర్కొన్న కవి గుర్రం జాషువా 1895లో ఇక్కడికి దగ్గరలోని వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు. పండితులు కులం చూసి దూరం పెట్టారు, పురాణ వస్తువుల మీద రాశాడని సొంతవారు కినిశారు. ఆ రెండు తిరస్కారాల మధ్య నలిగిన మనిషి, జీవితపు మలిదశలో క్రీస్తు చరిత్ర రాశాడు. దానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పదహారేళ్ళ పిల్లవాడు ప్రశ్న అడిగాడని, పక్క ఊరి జాతర చూశాడని, నాస్తికుల పుస్తకం చదివాడని తొందరపడి తీర్పు తీర్చే పెద్దలు జాషువా రాసిన క్రీస్తు చరిత్రను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడాలి. ఆ పిల్లవాడి ప్రయాణం ఎంత దూరం సాగుతుందో మనకేం తెలుసు?

పిల్లలూ, మీ నుంచి నేను పెద్ద పెద్ద త్యాగాలు అడగను. వారంలో కొన్ని గంటలు మీవిగా ఉంచుకోండి. మార్కుల కోసం, కూలి కోసం, ఇతరుల మెప్పు కోసం ఖర్చు చేయని గంటలు. ఆ గంటల్లో వాక్యం తెరవండి, అర్థం కానిచోట గీత గీయండి, ఆ గీతతో గుడికి రండి. కోతకు వెళ్ళక తప్పని ఆదివారమైతే సాయంత్రం రండి. చేతులు మండుతూ వచ్చినవారికి ఇక్కడ చోటు లేకపోవడమన్నది ఈ సంఘంలో ఎన్నడూ జరగలేదు, జరగకూడదు.

సంఘ పెద్దలను మాత్రం ఒక పని అడుగుతాను. మన పిల్లలు చదివే రెసిడెన్షియల్ కాలేజీలకు సంఘం తరఫున ఒక ఉత్తరం వెళ్ళాలి. ఆదివారం ఉదయం రెండు గంటలు పరీక్ష పెట్టవద్దని అడగాలి. క్రైస్తవ పిల్లలకే అని అడగవద్దు. శుక్రవారం నమాజుకు వెళ్ళాలనుకునే పిల్లలున్నారు, వారి గంట కూడా అందులో రాయాలి. ఏ గుడికీ వెళ్ళని పిల్లలున్నారు. ఆ రెండు గంటలు వాళ్ళు నిద్రపోతారు, ఇంటికి ఫోను చేసుకుంటారు. ద్వితీయోపదేశకాండపు పట్టీలో పరదేశి కూడా ఉన్నాడు కాబట్టి ఆ గంటలు వారికీ చెందుతాయి. ఉత్తరం పెద్దలు రాయవద్దు. ముందు వరుసల్లో ఉన్న ఈ పిల్లలను రాయనివ్వండి. హాస్టల్లో ఏ గంటకు ఏం మోగుతుందో వారికి తెలుసు. వారు రాసినదాని కింద పాస్టరుగారు, పెద్దలు, తల్లిదండ్రులు సంతకాలు పెట్టండి. వచ్చే విద్యాసంవత్సరపు టైంటేబుళ్ళు వేసవి సెలవుల్లోనే తయారవుతాయి. కాబట్టి ఉత్తరం ఈ నెలలోనే వెళ్ళాలి.